ఆషాఢంలో పెళ్లిళ్లా? ఇదేం పద్ధతి!

మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం కార్యదర్శిగా, బాధ్యత గల పౌరుడిగా, రాత్రి రెండు దాటినా కన్ను మూతపడని మనిషిగా ఈ వ్యాసం రాస్తున్నాను. మా పక్కనున్న ఖాళీ ప్లాట్‌లో మొదటి పెద్దవాన పడిన రాత్రి నుంచి సామూహిక వివాహాలు జరుగుతున్నాయి. పర్మిషన్ లేదు. రాత్రి పది తర్వాత మైకు కట్టేయాలన్న నిబంధన వాటికి పట్టదు. పైగా ఇది ఆషాఢం!

ఆషాఢంలో మనం ఏం చేస్తాం? కొత్త కోడలిని పుట్టింటికి పంపిస్తాం. అత్తా కోడలు ఒకే గడప దాటకూడదంటాం. ఫంక్షన్ హాళ్లకు తాళాలు పడతాయి, బట్టల షాపులు డిస్కౌంట్ బోర్డులు పెట్టుకుని నెల గడుపుతాయి. సరిగ్గా ఆ నెల చూసి కప్పలు పెళ్లిళ్లు పెట్టుకుంటున్నాయి. వాన ముందే పడితే కొన్ని జ్యేష్ఠంలోనే కానిచ్చేస్తాయి. జ్యేష్ఠంలో తొలిచూలు పిల్లకీ తొలిచూలు పిల్లాడికీ ముడి వేయకూడదని మన పెద్దల మాట. ఒక్క విడతలో వేల గుడ్లు పెట్టే ఇంట్లో తొలిచూలు ఎవరో ఏ పురోహితుడు తేల్చగలడు?

ఫిర్యాదు రాసేముందు క్షేత్రస్థాయి పరిశీలన ఉండాలి కాబట్టి గొడుగు, టార్చి పట్టుకుని వెళ్లాను. ప్లాట్‌లో మోకాలి లోతు నీళ్లు. మధ్యలో తుమ్మచెట్టు. చెట్టు చుట్టూ బావురుకప్పలు. మామూలు రోజుల్లో మట్టి రంగులోనో ఆకుపచ్చగానో కనిపించే మగకప్పలు ఆ రాత్రి ఒళ్లంతా నిమ్మపండు పసుపు. పెళ్లికొడుకును చేసి, పసుపు కడగకుండానే పీటల మీదికి తెచ్చినట్టున్నాయి. అరిచినప్పుడల్లా గొంతుకు రెండు పక్కలా నీలిరంగు సంచులు బూరల్లా ఉబ్బుతున్నాయి. ఆడకప్పలు మాత్రం రోజూ కట్టే చీరలోనే వచ్చాయి. ఖర్చంతా మగపెళ్లివారిదే అన్నమాట. ఈ ఒక్క విషయంలో నాకు అభ్యంతరం లేదు.

పాణిగ్రహణం కూడా చూశాను. మగకప్పకు ఈ సీజన్‌లో బొటనవేలి దగ్గర గరుకుగా ఒక మెత్త లేస్తుంది, పట్టు జారకుండా. వెనక నుంచి వచ్చి ఆడకప్పను పట్టుకున్నాక గుడ్లు పెట్టేదాకా వదలదు. తొందరలో ఒకాయన ఇంకో మగకప్పనే పట్టుకున్నాడు. దొరికినవాడు బెకబెక కాకుండా వేరే గొంతుతో పొట్టిగా అరిచాడు, పొరపాటున మన భుజం మీద చెయ్యి వేసినవాడితో ‘నేను కాదు బాబూ’ అన్నట్టు. శాస్త్రజ్ఞులు దీనికి రిలీజ్ కాల్ అని పేరు కూడా పెట్టారు. అంటే ఇలాంటి పొరపాట్లు రోజూ జరిగేవే.

ఇంతకీ ఈ ముహూర్తం పెట్టిందెవరు? విచారణలో ఒకే ఒక్క పేరు బయటికొచ్చింది: వాన.

చలిదేశాల్లో కప్పలు ఎప్పుడు వెచ్చబడుతుందా అని చూస్తాయి. మన ఉష్ణమండలంలో వేడికి కొదవ లేదు, కొదవంతా నీళ్లకే. కప్పగుడ్డుకు పెంకు ఉండదు, గంటసేపు ఎండ తగిలితే వడియమే. కప్ప నీళ్లు తాగేది కూడా చర్మంతోనే, కాబట్టి నేల తడవకుండా నాలుగు గజాలు ప్రయాణం చేయడమూ కష్టమే. అందుకే ఎండాకాలమంతా మట్టిలో దూరి పడుకుంటుంది. చాలా జాతుల్లో వాన రాకముందే ఆడకప్ప కడుపులో గుడ్లు తయారై ఉంటాయి. సరుకులు తెచ్చిపెట్టుకుని, పందిరి రాటకు మంచిరోజు కోసం చూస్తున్న ఇల్లులాగా. వాన పడుతుంది, నేల మెత్తబడుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, ఉసిళ్లు లేస్తాయి (పెళ్లి భోజనం), కొత్త గుంటలు నిండుతాయి. కొత్త గుంటల్లో చేపలుండవు కాబట్టి గుడ్లు తినేవాళ్లు తక్కువ. ఇంతకంటే మంచి లగ్నం ఎక్కడ దొరుకుతుంది?

కేరళకు రుతుపవనాలు వచ్చాయని ప్రకటించడానికి మన వాతావరణ శాఖ మే 10 తర్వాత 14 వాన కొలిచే కేంద్రాల లెక్క చూస్తుంది. వాటిలో 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లో అంతకు మించో వాన పడాలి, దాంతోపాటు పడమటి గాలుల లోతూ సరిపోవాలి. కప్పకు ఇంత ఆఫీసు లేదు. అయినా ఎల్‌నినో వల్ల ఆలస్యమని ఏ ఒక్క కప్పా ప్రెస్‌మీట్ పెట్టిన దాఖలా లేదు.

కప్పల్లోనూ రెండు రకాల కుటుంబాలున్నాయి. మా బావురుకప్పలది ఒక్క రాత్రి, మహా అయితే రెండు మూడు రాత్రుల హడావుడి. ఊళ్లోని మగవాళ్లంతా ఒకేచోట చేరి ఒకేసారి గొంతెత్తుతారు. శ్రావణంలో మొదటి ముహూర్తానికి ఊరి హాళ్లన్నీ ఒకేరోజు బుక్కయినట్టు. రెండో రకం నిదానస్తులు. సీజనంతా రాత్రికి కొంత చొప్పున పాడుకుంటారు. మన చెట్టుకప్ప అయితే గుడ్లను నీళ్లలో వేయదు. నీటి మీదికి వంగిన కొమ్మకో తొట్టి గోడకో సబ్బునురుగులాంటి గూడు కట్టి అందులో పెడుతుంది. పిల్లలు టపటపా కిందున్న నీళ్లలో రాలతాయి. ప్యూర్టోరికోలో కోకీ అనే చిన్న కప్పకు గుంటతో పనే లేదు. నేల మీదే గుడ్లు, వాటిలోంచి తోకపిల్లలకు బదులు నేరుగా బుల్లి కప్పలే వస్తాయి. తండ్రి కాపలా కాస్తాడు. తేమ ఉంటే చాలు, ఏడాదంతా సంసారమే. ఇక మన పడమటి కనుమల్లో ఊదారంగు కప్ప ఒకటుంది. 2003లో గానీ శాస్త్రలోకం దానికి పేరు పెట్టలేదు. దాదాపు ఏడాదంతా భూమిలోనే ఉండి, తొలివానలకు కొద్దిరోజులు పైకొచ్చి, గుడ్లు పెట్టి మళ్లీ మాయం. అపార్ట్‌మెంట్ మీటింగ్‌లకు అలా వచ్చేవాళ్లు మాకు ముగ్గురున్నారు.

ఈ ఏర్పాటులో లోపం లేదనను. తొలకరి మోసం చేస్తుంది. ఒక పెద్దవాన కొట్టి మేఘం మొహం చాటేస్తే గుంట ఎండిపోతుంది. తోకపిల్లకు కాళ్లు రావడానికి నెలో నెలన్నరో పడుతుంది. ఈలోపు బెట్ట వస్తే అంతే. మొదటి వానకే పత్తి గింజలు పెట్టిన రైతు పరిస్థితీ ఇదే. పదును చూసుకుని పెట్టమని రైతుకు చెప్పడానికి వ్యవసాయాధికారి ఉన్నాడు, కప్పకు అదీ లేదు. కోస్టారికాలో మోంటేవెర్డే అనే మబ్బు అడవి ఉంది. అక్కడి బంగారు కప్పలు వానాకాలం మొదట్లో కొద్దిరోజులే గుంటల దగ్గర చేరేవి. 1987లో 1,500కు పైగా కనిపించాయి. గుంటలు ఎండిపోయాయి, పిల్లలు దాదాపు ఏవీ మిగల్లేదు. మరుసటి ఏడు అదే చోట ఒక్కటి. 1989లో మళ్లీ ఒక్కటి, మగది. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. కరువు చంపిందా, చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ చంపిందా, రెండూ కలిశాయా అని వాదనలు నడుస్తూనే ఉన్నాయి. 2004లో అంతరించిన జాతుల పట్టికలో చేర్చారు. 1989లో ఆ ఒక్క మగకప్ప గుంట దగ్గరికి ముహూర్తానికే వచ్చింది. పెళ్లివారే రాలేదు.

మళ్లీ మన ఫిర్యాదులోకి వద్దాం. కప్పలకు ఇంత ధైర్యం రావడానికి కొంత కారణం మనమే. చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ఏడు ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు లేకపోతే కప్పతల్లిని ఊరేగించాం. కప్పను గుడ్డలో మూటగట్టి, వేపమండలతో కలిపి రోకలికి వేలాడదీశాం. రోకలికి ఒక కొస నా భుజం మీదే. ప్రతి గడపలోనూ ఆడవాళ్లు దాని మీద బిందెడు నీళ్లు పోశారు, మాకు చేటెడు బియ్యం పోశారు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ కప్ప లెక్కలో ఆ రోజు ఊరంతా కుండపోత! అంత కరువులో రుతుపవనాలు వచ్చింది దానొక్కదానికే.

వాన పడితే కప్పలకు పెళ్లవుతుంది. మనమేమో కప్పలకు పెళ్లి చేస్తే వాన పడుతుందంటాం. బంతిలో కూర్చుని లేచినవాణ్ని చూపించి, వీడు తిన్నాడు కాబట్టే పెళ్లయింది అన్నట్టుంది వరస. ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం అంతా కప్పల మీదే. ఏడాదంతా వ్రతం పట్టి పడుకున్న కప్పలు పర్జన్యుడు కరుణించాకే నోరు విప్పాయంటుంది. వేల ఏళ్ల కిందట సరిగ్గా చూసిన వరసను మనం ఎక్కడ తిరగేశామో తెలియదు. 2019లో భోపాల్‌లో ఒక సంఘం వారు వాన కోసం జులైలో కప్పలకు పెళ్లి చేశారు. వాన వచ్చింది, ఇక ఆగలేదు. సెప్టెంబరులో అదే జంటకు విడాకులు ఇప్పించారు. భరణం సంగతి వార్తల్లో రాలేదు.

సంఘం తరఫున మా డిమాండ్ ఒక్కటే: ఈ పెళ్లిళ్లు వేరే చోట పెట్టుకోవాలి. వేరే చోటు ఎక్కడుందో చూద్దామని రెవెన్యూ రికార్డులు తీయించాను. తీయించకుండా ఉండాల్సింది. పక్క ప్లాట్ శిఖం భూమి, అంటే చెరువు అడుగు నేల అని తేలింది. పక్క ప్లాట్‌తో ఆగలేదు. మా పార్కింగ్, మా జిమ్, నా బెడ్‌రూమ్ కూడా పాత కుంట ఎఫ్‌టీఎల్ గీతకు, అంటే కుంట పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దుకు లోపలే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ పేరులో ‘లేక్ వ్యూ’ అని ఉంది. కొనేటప్పుడు లేక్ ఏదని ఎవరం అడగలేదు. కప్పలకు మాత్రం అడ్రసు గుర్తుంది. ఈ కాగితాన్ని ఫిర్యాదుకు జతపరచకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. పత్రికలవాళ్లు దీన్ని కప్పదాటు వైఖరి అంటారేమో, అనుకోనివ్వండి.

నాలుగు లారీల మట్టి కొట్టించి పక్క ప్లాట్ ఎత్తు చేయించాం. ఆ రాత్రి నిజంగానే నిశ్శబ్దం. రెండోరోజు గట్టి వాన. పల్లం వెతుక్కున్న నీళ్లన్నీ మా సెల్లార్‌లోకి దిగాయి. రాత్రి ఒంటిగంటకు లిఫ్ట్ గుంతలోంచి ఒక గొంతు, దానికి జవాబుగా నా కారు కిందనుంచి ఇంకో గొంతు. సెల్లార్ కావడం వల్ల సౌండ్ ఎఫెక్ట్ కూడా బాగా కుదిరింది. మోటార్ వేసి నీళ్లు తోడెయ్యమని వాచ్‌మన్‌ను పిలిచాను.

అతను టార్చి వేసి కారు ముందు టైరు పక్కన చూశాడు. నీటి మీద తేలుతున్న నల్లటి గింజల పొరను చూపించాడు.

“గుడ్లు పెట్టినయ్ సార్. ఇప్పుడు తోడితే పాపం తగుల్తది.”

“ఎన్నాళ్లు?”

“కాళ్లొచ్చేదాంక సార్. నెల, నెలన్నర.”

విషయాన్ని వచ్చే ఆదివారం జనరల్ బాడీ అజెండాలో మూడో అంశంగా పెట్టాను. కారును మాత్రం తాళ్లు కట్టి బయటికి లాగించి మెయిన్ రోడ్డు మీద నిలిపాం. నిన్న పొద్దున దానికి నో పార్కింగ్ చలానా పడింది.