పెళ్లి సంబంధాలకూ ఒక జన్యు సంఘం కావలెను

బెంగళూరులో మారతహళ్లి మొదలు వైట్‌ఫీల్డ్ వరకూ ఉన్న ఫంక్షన్ హాళ్లలో ఆదివారాలు జరిగే తెలుగు వధూవరుల పరిచయ వేదికలన్నింటినీ కేంద్ర పర్యావరణ శాఖ వెంటనే తన పర్యవేక్షణలోకి తీసుకోవాలని సవినయంగా కోరుతున్నాను. పర్యావరణ శాఖకు పెళ్లిళ్లతో ఏం పని అని ఎవరూ ఆశ్చర్యపడనక్కర్లేదు. జన్యువులు మార్చిన జీవుల తయారీ, వాడకం, నిల్వల మీద మన దేశంలో 1989 నుంచీ నియమావళి ఉంది; అనుమతుల సంగతి చూడడానికి ఆ శాఖలోనే జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం ఉంది. ఎవరి జన్యువులు ఎవరి జన్యువులతో కలవవచ్చో, ఎవరివి కలవరాదో నిర్ణయించి, కోరిన లక్షణాలతో తర్వాతి తరాన్ని సిద్ధం చేయించే పనిని మన పరిచయ వేదికలు ఏ అనుమతీ లేకుండా, ఒక మైకు, కొన్ని వరసల ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యాహ్న భోజనం సాయంతో సాగిస్తున్నాయి. ఇంత పెద్ద ప్రయోగశాల దేశంలో మరొకటి ఉందని నేననుకోను.

వంకాయ విషయంలో ప్రభుత్వం ఎంత జాగ్రత్తపడిందో గుర్తు చేసుకుంటే నా బాధ అర్థమవుతుంది. మొవ్వునూ కాయనూ తొలిచే పురుగు బెడద వదిలించడానికి, నేలలో ఉండే బీటీ అనే ఒక బ్యాక్టీరియా జన్యువును వంకాయలో పెట్టారు. ఆ వంకాయను ఎలుకలకు, కుందేళ్లకు, మేకలకు, ఆవులకు, కోళ్లకు, చేపలకు పెట్టి చూశారు. 2009 అక్టోబరులో సంఘం సరేనంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్‌కు అదీ చాలలేదు. ఏడు నగరాల్లో బహిరంగ విచారణ జరిపి, హైదరాబాదులోనూ మన బెంగళూరులోనూ రైతుల అరుపులూ శాస్త్రజ్ఞుల అరుపులూ ఓపికగా విని, 2010 ఫిబ్రవరి 9న బీటీ వంకాయను ఆపేశారు. నేటికీ అది ఆగే ఉంది. అదే వంకాయను బంగ్లాదేశ్ 2013లో అనుమతించి పండిస్తోంది. దీర్ఘకాలిక ప్రభావాలపై స్వతంత్ర పరీక్షలు చాలినన్ని జరగలేదన్న అభ్యంతరంలో నాకు న్యాయమే కనిపిస్తుంది కాబట్టి, నా ఫిర్యాదు వంకాయను ఆపినందుకు కాదు, వరుణ్ణి ఆపనందుకు. కొత్త జన్యువు చేరిన కూరగాయ మీద ఏడు ఊళ్లలో విచారణ జరిపిన దేశంలో, చెరో ఇరవై వేల జన్యువులతో ఎదురుపడే వధూవరుల మీద జరిగే మొత్తం విచారణ ఒక్క ఫోన్‌కాల్, అందులో ఒక్కటే ప్రశ్న: "మనవాళ్లేనా అండీ?"

మనకు నిబంధనలే లేవని నేననడం లేదు. గోత్రం ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడూ, నెల్లూరు నుంచి వచ్చి హెబ్బాళలో ఉంటున్న అమ్మాయీ, వారి తాతముత్తాతలు ఏనాడూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోయినా, గోత్రం ఒకటైతే అన్నాచెల్లెళ్లు. అదే కుర్రాడికి మేనమామ కూతురు మాత్రం గోత్రం వేరు గనుక ఏమీ కాదు, కట్టుకోవచ్చు. జన్యుశాస్త్రం లెక్కలో మేనబావా మరదళ్లకు ఎనిమిదో వంతు వారసత్వం ఉమ్మడి. మేనమామా మేనకోడళ్లకైతే నాలుగో వంతు. తండ్రి వైపు నుంచే నడిచే గోత్రానికి తల్లి ఇచ్చిన సగం కనిపించదు. తలసీమియా వంటి రక్తపు జబ్బులు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు ప్రతి అందితేనే బయటపడతాయి. ఆ రెండు ప్రతులూ ఒకే తాతగారి నుంచి చెరో దారిన వచ్చి ఒకే పీటల మీద కలుసుకునే సదుపాయం మేనరికం కల్పిస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామా మేనకోడళ్ల పెళ్లిని నిషేధించి, ఆ వాక్యానికే తోకగా ఆచారం ఒప్పుకుంటే ఫరవాలేదని చేర్చింది. ఇంత ఉదారమైన మినహాయింపు దొరికి ఉంటే వంకాయ ఈపాటికి మన గుత్తి వంకాయ కూరలో ఉండేది.

ప్రయోగ ఫలితాలు అచ్చయ్యే ఉన్నాయి. ఈ దేశంలో జనం సుమారు 1,900 ఏళ్ల కిందటి వరకూ ఒకరితో ఒకరు కలుస్తూనే వచ్చారనీ, ఆ తర్వాతే తలుపులు మూసుకున్నారనీ హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రజ్ఞులు అమెరికా పరిశోధకులతో కలిసి 2013లో చెప్పారు. 2017లో వారే దక్షిణాసియాలోని 263 సముదాయాలను పరిశీలించి, వాటిలో 81 సముదాయాల వారసత్వం ఫిన్‌లాండ్ ప్రజల, అష్కెనాజీ యూదుల వారసత్వం కన్నా ఎక్కువగా కొద్దిమంది పూర్వీకులకే పరిమితమైందని తేల్చారు. వాటిలో ఒకటైన వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము లోపం వల్ల, ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు త్వరగా విరగదు. ఊపిరి మామూలు కావడానికి చాలాసేపు పడుతుంది. మిగతా కులాలవారు ఇది చదివి తేలిగ్గా ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. మిగిలిన 80 సముదాయాల సంగతి అలాగే ఉంది.

ఈ జ్ఞానం ప్రభుత్వానికి లేదనలేం. కాకపోతే దాన్ని పురుగుకు వినియోగించింది. 2002లో అనుమతించిన బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చి, దాన్ని చేను చుట్టూ వేయమన్నారు. బీటీ ఆకు తినీ బతికి బట్టకట్టిన మొండి పురుగు తనలాంటి మొండి పురుగునే చేసుకుంటే మొండితనం వంశంలో స్థిరపడిపోతుంది గనుక, పక్క వరసలోని మామూలు పురుగుతో దానికి జత కుదర్చాలన్నది ఉద్దేశం. అంటే గులాబీ రంగు పురుగు కోసం పొలం గట్టునే ప్రభుత్వ ఖాతాలో కులాంతర వివాహ వేదిక వెలిసింది. ఉన్న కాస్త చేనులో పురుగు విందుకు నాలుగు వరసలు వదలలేని చిన్న రైతులు చాలామంది ఆ చిన్న ప్యాకెట్ చల్లలేదు. వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. పురుగు మాత్రం స్వకులంలోనే వృద్ధిచెంది, రెండో జన్యువు చేర్చిన పత్తినీ తట్టుకోవడం నేర్చుకుంది. రైతు మళ్లీ మందు డబ్బా భుజాన వేసుకున్నాడు.

ఇక పరిచయ వేదికకు వచ్చే కుటుంబాల ఆహార నియమాలు చూడండి. అమ్మకానికి అనుమతే లేని జన్యుమార్పిడి వంకాయ ఇందులో లేదని హామీ ఇచ్చే చీటీకి కిలోకు ఇంతని అదనంగా చెల్లిస్తారు. అదే ఇంటి ఫ్రిజ్ తలుపులో బామ్మగారి ఇన్సులిన్ ఉంటుంది. ఒకప్పుడు పందుల, ఆవుల క్లోమం నుంచి తీసిన ఆ మందు, 1982లో అమెరికా అనుమతి ఇచ్చిన నాటి నుంచి మనిషి జన్యువు పెట్టిన సూక్ష్మజీవుల ద్వారా తయారవుతోంది. బెంగళూరు బయోకాన్ 2004 నుంచి ఈస్టుతో చేయించి అమ్ముతోంది. ఇంటి పిల్లలకు వేయించే హెపటైటిస్ బి టీకాను ఇదే పద్ధతిలో దేశంలో మొదట చేసింది 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్. ఆ ఈస్టు ఏ గోత్రమని బామ్మగారు ఇంతవరకూ అడగలేదు. ప్రాణం మీదికి వస్తే పరాయి జన్యువు కూడా మనదే అవుతుందన్న ఈ విశాల దృక్పథం అల్లుడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు సన్నగిల్లుతుందో తెలియదు.

మరికొందరు తల్లిదండ్రులు నన్ను ఏకాంతంగా అడుగుతున్నది వేరు: పిండం దశలోనే ఎత్తు, రంగు, ర్యాంకు సరిచేయించవచ్చా అని. ఎత్తును ప్రభావితం చేసే తేడాలు పన్నెండు వేలకు పైగా ఉన్నాయని 2022లో లెక్క తేలింది. ఐఐటీ ర్యాంకుకు జన్యువు దొరకలేదు. రంగు విషయంలోనే శాస్త్రం మనకు ద్రోహం చేసింది. ఒకే జన్యువులో ఒకే అక్షరం తేడా చర్మాన్ని కొంత తెల్లబరుస్తుందని తెలిసిపోయింది. పెళ్లి ప్రకటనల్లో మనం ఏళ్ల తరబడి వెతుకుతున్నది ఆ ఒక్క అక్షరాన్నేనని తెలిశాక, దాన్ని దిద్దే క్రిస్పర్ అనే జన్యు కత్తెర 2012లోనే తయారైందని వీరికి చెప్పడానికి నాకు భయం వేసింది. 2018లో చైనాలో హె జియాంకుయ్ అనే శాస్త్రజ్ఞుడు పిండాల జన్యువులు దిద్ది కవల ఆడపిల్లలను పుట్టించి, మూడేళ్ల జైలుశిక్ష పొందాడు. హెచ్ఐవీ సోకకుండా చేశానని ఆయన చెప్పుకున్నాడు. మనవాళ్ల కోరిక వింటే ఆ న్యాయమూర్తులు ఆయన్ను మర్యాదస్తుల్లో లెక్కగట్టేవారు.

ఆ కత్తెర వైద్యంగా పనికొచ్చే చోటు లేకపోలేదు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బుకు 2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతించిన చికిత్స ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. మన ఏజెన్సీ గ్రామాల గిరిజనులకు ఆ జబ్బుంది, ఆ డాలర్లు లేవు. అందుకని అదే ఏడాది మొదలైన జాతీయ కార్యక్రమం కింద వారికి రక్తపరీక్ష చేసి, కార్డు ఇచ్చి, పెళ్లికి ముందు కార్డులు సరిచూసుకోమని చెబుతున్నారు. అంటే మన్యంలో పిల్లా పిల్లవాడూ హిమోగ్లోబిన్ సరిచూసుకోవాలి, వైట్‌ఫీల్డ్‌లో జన్మనక్షత్రం సరిచూసుకుంటే చాలు.

కాబట్టి నా ముసాయిదాలో ఉన్నది ఒకటే నిబంధన: జాతకంతో పాటు తలసీమియా, సికిల్ సెల్ పరీక్షల కాగితం కూడా జతపరచవలెను. దీన్ని ఒక వేదిక నిర్వాహకుల ముందు పెట్టాను. మూడు నెలల పే స్లిప్పులు, ఫామ్ 16, గ్రీన్ కార్డు దరఖాస్తు ఏ దశలో ఉందో తెలిపే రసీదు అడిగి పుచ్చుకోవడం మర్యాదే గానీ, రక్తపరీక్ష అడగడం ఆడపిల్లవారిని అవమానించడమవుతుందని వారు నొచ్చుకున్నారు. చాలాసేపు తర్జనభర్జనలు పడ్డాక పెద్దాయన ఒకరు మెత్తబడి, సంఘం ఆలోచన దేశానికి మంచిదేననీ, తమకేమీ అభ్యంతరం లేదనీ, కాకపోతే సభ్యులంతా మనవాళ్లే ఉండేలా చూడమనీ అన్నారు.