కాదంటే తెరుచుకోని యాప్‌కు అంగీకారమా?
"అంగీకరిస్తున్నాను" అని నొక్కింది వాడేవాళ్లే కాబట్టి, యాప్‌లు వాళ్ల వ్యక్తిగత సమాచారం తీసుకుంటే తప్పు వాడేవాళ్లదేనని ఒక వ్యాసంలో చదివిన మాట నాకు మింగుడుపడలేదు. కాదంటే యాప్ తెరుచుకోనప్పుడు అది అంగీకారం ఎలా అవుతుంది? మా వీధి మందుల షాపులో బీపీ మాత్రలు కొంటే, నంబరు కొట్టనిదే కంప్యూటర్ బిల్లు ఇవ్వదంటాడు కౌంటర్లో కుర్రాడు. వెనక వరసలో అందరూ వింటుండగా పది అంకెలూ పైకి చదవాలి. ఆ తర్వాత షుగరు పరీక్షలకు రాయితీలంటూ సందేశాలే సందేశాలు! నాకు షుగరు లేదు మహాప్రభో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: వైద్య సలహాల యాప్ మన ఫోనులోని కాంటాక్టుల జాబితా అడిగితే, మనం సరేనన్నా సరే, వైద్యానికి ఆ జాబితా అక్కర్లేదు కనుక ఆ మేరకు సమ్మతి వర్తించదు. అంగీకారం అడిగే పాఠాన్ని తెలుగులోనూ చదువుకునే వీలుండాలని అదే చట్టం అంటోంది. నాకైతే ఇంతవరకు ఒక్కటీ తారసపడలేదు.