తగ్గడానికి ఏం తినాలె?

బరువు తగ్గాలన్న పట్టుదల వరంగల్ వాళ్లకు లేదని ఎవరైనా అంటే, వాళ్లు పొద్దున ఐదున్నరకు భద్రకాళి బండ్ మీదికి ఎప్పుడూ రాలేదన్నమాట. మోకాళ్లకు బెల్టులు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీలు, చెవుల్లో ఎవరో యోగా గురువు ప్రసంగం. చెరువు గట్టు అదిరిపోయేలా నడుస్తారు. నడక అయ్యాక అదే జనం టిఫిన్ బండి ముందు నిలబడి పూరీ చెబుతారు, నడిచారు కాబట్టి. 70 కిలోల మనిషి అరగంట గట్టిగా నడిస్తే కరిగేది సుమారు 140 కేలరీలు. పెద్ద చెంచాడు నూనెలో ఉండేవి 120. పూరీ ఎన్ని చెంచాల నూనె పీలుస్తుందో బండి ఆయనను అడగడం మర్యాద కాదు.

పట్టుదలకు లోటు లేదు కాబట్టి లోపం ఇంకెక్కడో ఉండాలి. ఎంతో పరిశీలించిన మీదట నాకు అర్థమైంది ఏమిటంటే, మనవాళ్లు డాక్టర్‌ను అడిగినా, జిమ్ కుర్రాడిని అడిగినా, పక్కింటి వదినెను అడిగినా అడిగేది ఒక్కటే: "తగ్గడానికి ఏం తినాలె?" ఏం మానాలి అని అడిగిన మనిషి హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా నాకు ఒక్కరూ తగల్లేదు. దీన్ని అమాయకత్వం అనుకోవద్దు. ఇదొక సంపూర్ణ సిద్ధాంతం. తిన్నందుకు బరువు రాదు, తినాల్సింది తినకపోవడం వల్ల వస్తుంది, అది కూడా తినేస్తే పోతుంది. దీని ప్రకారం తేలిక తిండి మామూలు తిండికి బదులు రాదు, తోడుగా వస్తుంది.

సిద్ధాంతం ఆచరణలో ఎలా ఉంటుందో చూడండి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ, తేనె. తర్వాత నానబెట్టిన బాదం. తర్వాత రాగి జావ. ఇవి ఆరోగ్యం ఖాతా. ఆ తర్వాత ఇడ్లీ, పల్లి చట్నీ. ఇది టిఫిన్ ఖాతా. మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు తింటారు, చాలా గర్వంగా. రొట్టె తిన్నాక అన్నం తినకపోతే తిన్నట్టే ఉండదు కాబట్టి అన్నం. సాయంత్రం మొలకెత్తిన పెసలు, వాటి వెంట చాయ్, చాయ్ వెంట ఉస్మానియా బిస్కెట్లు. రాత్రికి అన్నం పూర్తిగా బంద్. నాలుగు చపాతీలు, చివర్లో రెండు ముద్దలు పెరుగన్నం. పెరుగన్నాన్ని అన్నం కింద లెక్కేసేవాళ్లు మన జిల్లాల్లో లేరు.

జొన్నల విషయంలో ఒక చేదు లెక్క ఉంది, చెప్పక తప్పదు. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటే, జొన్నల్లో 330కి కాస్త అటూ ఇటూ. పీచు ఎక్కువ కాబట్టి కడుపు తొందరగా నిండుతుంది, నిండగానే లేస్తే లాభం ఉంటుంది. నిండినాక కూడా కూర్చుంటే జొన్నలు చేయగలిగింది ఏమీ లేదు. తెలంగాణ సోనా బియ్యం గతి ఇంకా విచిత్రం. 2015లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఈ రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుందని, అంటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని చెప్పారు. మనవాళ్లు దానికి షుగర్ బియ్యం అని పేరు పెట్టి, ఆ ధైర్యంతో ఇంకో గరిటె వేసుకున్నారు. నెమ్మదిగా ఎక్కుతుందన్నారే తప్ప ఎక్కదని ఎవరూ అనలేదు.

ఇక అసలు వ్యవహారం నూనె. దీనిమీద కొంచెం నిలబడి మాట్లాడాలి.

మన వంటింట్లో నూనె ప్యాకెట్టు మూల కత్తిరించి, స్టీలు డబ్బాలో నిలబెట్టి, మూతికి బట్టల క్లిప్పు పెడతారు. కూర మొదలుపెట్టేటప్పుడు క్లిప్పు తీసి ప్యాకెట్టు వంచుతారు. చెంచా ఉండదు, కొలత ఉండదు, చెయ్యికి అన్నీ తెలుసు. దీని పేరే అందాజ. అందాజకు ఒక గొప్ప గుణం ఉంది. ఉప్పు దగ్గర అది ఎప్పుడూ తప్పదు. నూనె దగ్గర తప్పినప్పుడల్లా ఒకవైపే తప్పుతుంది. పోపు గింజలు చిటపటమన్నాక ఉల్లిగడ్డ వేస్తారు, అడుగంటుతుందేమోనని ఇంకింత. బెండకాయ జిగురు పోవాలని ఇంకింత. వంకాయ సంగతి తెలిసిందే, పోసిందంతా తాగేసి ఏమీ పోయనట్టు చూస్తుంది. చివరికి కూర దించేసరికి అంచుల వెంట ఎర్రగా నూనె తేలాలి. తేలకపోతే పళ్లెం ముందు కూర్చున్నాయన గరిటెతో ఒకసారి కలిపి చూసి, "ఏందే, పత్తెం కూర చేసినవా? ఎవలికి పాణం బాగలేదు?" అంటాడు. ఈ ఒక్క మాటకు జడిసే తెలంగాణ ఆడవాళ్లు తరతరాలుగా ప్యాకెట్టు వంచుతున్నారు. అడిగినాయనే పొద్దున బండ్ మీద నడిచి వచ్చినాయన.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్లు ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం రోజుకు 2000 కేలరీల భోజనంలో నూనె వాటా 27 గ్రాములు. నెలకు 810. లీటరు ప్యాకెట్టు మీద 910 గ్రాములు అని రాసి ఉంటుంది. అంటే మనిషికి నెలకు ఒక నిండు ప్యాకెట్టు కూడా రాదు. నలుగురున్న ఇంట్లో మూడున్నర ప్యాకెట్లకు క్లిప్పు శాశ్వతంగా పెట్టేయాలి. ఆ లెక్క పట్టుకుని సంక్రాంతి ముందు ఏ కిరాణా షాపుకైనా వెళ్లి, 15 కిలోల డబ్బా మోసుకుపోతున్న మనిషికి వినిపించి చూడండి. అర్థం చేసుకుంటాడు. అర్థం చేసుకుని, "పండుగ పోయినంక సూద్దాం తీయన్నా" అంటాడు. మరో ముచ్చట, ఒంటికి అవసరం లేకుండా తిన్న కేలరీలు సుమారు 7700 పోగైతే కిలో కొవ్వు. లీటరు ప్యాకెట్టులో 8000 పైనే ఉంటాయి. డబ్బాలో ఉన్నప్పుడు 910 గ్రాములైనది నడుము దగ్గరికి వచ్చేసరికి కిలో దాటడం, సంతలో జరిగే తూకం మోసాలకు తిరగబడ్డ అద్దం.

ఈ మధ్య చదువుకున్న ఇళ్లల్లో నూనె సమస్యకు శాస్త్రీయ పరిష్కారం దొరికింది. ప్యాకెట్టు నూనె మానేసి గానుగ నూనెకు మారారు. ధర ఎక్కువ, వాసన కమ్మన, అమ్మే ఆయన ఎద్దును కూడా చూపిస్తాడు. మంచి నూనె కదా అని ధారాళంగా పోస్తారు. గ్రాముకు 9 కేలరీలన్నది గానుగకైనా మిల్లుకైనా ఒకటే అని ఎద్దుకు తెలియదు, మనకు చెప్పినవాళ్లు లేరు. ఎయిర్ ఫ్రయర్ కొన్నవాళ్లూ ఉన్నారు. అందులో ఆలుగడ్డలు వేయించి, బాగా ఎండిపోయినట్టున్నాయని పైన పోపు పెట్టిన ఇల్లు నాకు తెలుసు.

మరి తేలిక వంట మనకు రాదా అంటే, వచ్చినంతగా ఎవరికీ రాదు. పచ్చిపులుసు ఉంది. చింతపండు పిసికి, పచ్చిమిర్చి మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ, జీలకర్ర, కొత్తిమీరతో కలిపి నలిపితే అయిపోయే వంట. పొయ్యితో దాదాపు పని లేదు, పోపు కూడా ఇష్టముంటేనే. మక్క గట్క ఉంది, అంబలి ఉంది. గంగవాయిల కూర పప్పులో వేస్తే అరచెంచా నూనెతో పూర్తయ్యే వంట. సర్వపిండి కూడా, గిన్నెకు పలుచగా నూనె రాసి మూతపెట్టి సన్నసెగ మీద కాలిస్తే, డబ్బాడు నూనెలో మునిగే గారె కన్నా ఎంతో పద్ధతైన వస్తువు. కానీ మన దగ్గర వీటికి స్వతంత్ర హోదా లేదు. పచ్చిపులుసు ముద్దపప్పుకు తోడు, ముద్దపప్పు నెయ్యికి తోడు, అన్నిటికీ కలిపి వడియాలు తోడు. పైగా పచ్చిపులుసులో ఒక కుట్ర ఉంది. పుల్లగా జారిపోయే దాన్ని పోసుకుంటే అన్నం ఎంత పోయిందో లెక్క తెలియదు. ఊళ్లో అన్నిటికంటే తేలికైన వంటకమే అన్నిటికంటే ఎక్కువ అన్నం లాగేస్తుంది. దాన్ని గ్లాసులో పోసుకుని ముందే తాగేస్తే కథ మారుతుంది, కానీ అలా తాగేవాళ్లను చూసి ఇంట్లో పెద్దవాళ్లు కొంచెం దూరం జరుగుతారు.

భర్తలు పత్తెం అనకుండా ఉండే ఉపాయం ఒకటి మన మట్టిలోనే పండుతోంది. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. రంగు ఘనం, కారం స్వల్పం. కూరను మూతపెట్టి దాని నీళ్లతోనే మగ్గనిచ్చి, దించేముందు ఒక్క చెంచాడు నూనెలో చపాట కారం కలిపి పైన పోస్తే, నాలుగు గరిటెల నూనె తేలినంత ఎర్రగా నిగనిగలాడుతుంది. కన్ను తృప్తిపడితే నాలుక పెద్దగా ఫిర్యాదు చేయదు. ఎనుమాముల మార్కెట్ దాకా వెళ్లి మిర్చి తెచ్చుకునే మనం, ఆ మిర్చితో ఇంటాయనను మోసం చేయడానికి మాత్రం మొహమాటపడుతున్నాం.

క్యాలెండర్ కూడా మన పక్షాన లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు, రోజుకో నైవేద్యం. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు. నైవేద్యం లేనిది ఆరో రోజు ఒక్కటే, అలిగిన బతుకమ్మ. సాక్షాత్తు అమ్మవారు అలిగితే తప్ప పూల పండుగలో మనకు విరామం దొరకదన్నమాట. అది దాటిన ఒకటి రెండు రోజులకే దసరా మటన్, ఆ వెనుక పెళ్లిళ్లు, బగారా అన్నం, ఆ వెనుక సంక్రాంతి. సకినాలు తిననని ఒట్టు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు, నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు విరిగినవి మాత్రమే తింటారు. విరిగిన సకినం సకినం కాదు, అది తీసేయాల్సిన చెత్త, దాన్ని నోట్లో వేసుకోవడం ఇల్లు సర్దడంలో భాగం. డబ్బా అడుగుకు చేరేసరికి అన్నీ విరిగే ఉంటాయి, కొన్ని వాటంతట అవి, కొన్ని ఒట్టు పెట్టుకున్నవాళ్ల చేతుల్లో.

ఇన్ని గండాలు దాటి నిజంగానే ఎవరైనా ఓ ఐదారు కిలోలు తగ్గారనుకోండి. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఏ పెళ్లిలోనో చుట్టాలావిడ చెయ్యి పట్టుకుని మొహంలోకి చూసి, "ఏంది బిడ్డా గిట్లయినవ్? షుగర్ వచ్చిందా?" అంటుంది. కాదు పెద్దమ్మా, కావాలనే తగ్గిన అంటే నమ్మదు. కావాలని ఎవరైనా తక్కువ తింటారా? పక్కనున్న ఇంకో ఆవిడ మెల్లగా, "ఇంట్ల ఏమన్న కొట్లాటలా?" అని వాకబు చేస్తుంది. ఈ విచారణల తర్వాత తన మీద అనుమానం తీరడానికైనా ఆ మనిషి రెండోసారి బగారా పెట్టించుకోవాల్సి వస్తుంది. లావైనప్పుడు మాత్రం ఇదే పెద్దమ్మ ఒక్క ప్రశ్న వేయదు, "జర మంచిగైనవ్" అని మెటికలు విరుస్తుంది. వాట్సప్‌లో వచ్చే ప్రేరణ సూక్తులు వెయ్యి కలిపినా ఆ మెటికల చప్పుడుకు సరిపోవు.

అందువల్ల మనకు కావాల్సింది సూక్తులు కాదు, గడువు, కాటా, జేబుకు తగిలే దెబ్బ. ఈ మూడూ ఒకేచోట ఉన్న వ్యవస్థ మన పక్కనే ఉంది, మేడారంలో. రెండేళ్లకోసారి జాతర, మొన్న 2026 జనవరిలో అయింది, మళ్లీ 2028లో. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు) మొక్కుకున్నవాళ్లు కాటా మీద కూర్చుని తమ బరువుకు సరిపడా బెల్లం తూచి సమర్పిస్తారు. ఇంట్లో మిషన్ ఎక్కమంటే మంచం కిందికి నెట్టేసే మనిషి, అక్కడ పదిమంది ముందు ఏ సిగ్గూ లేకుండా కాటా ఎక్కుతాడు. ఎన్ని కిలోలైతే అన్ని కిలోల బెల్లానికి డబ్బులు. 2024 జాతరప్పుడైతే గుడుంబాకు మళ్లుతుందన్న అనుమానంతో బెల్లం కొనేవాళ్ల ఆధార్ వివరాలు కూడా తీసుకున్నారు. ఇంత పకడ్బందీగా బరువు తూచే ఏర్పాటు ఏ జిమ్‌లో ఉంది? తగ్గిన ప్రతి కిలోకూ ఒక కిలో బెల్లం డబ్బులు మిగులుతాయి. రెండేళ్లు గడువుంది కాబట్టి నెలకు అరకిలో దిగినా చాలు, తొందరేమీ లేదు.

ఈ పథకాన్ని ఒక ఇంట్లో పెద్దావిడ ముందు సవినయంగా ప్రతిపాదించాను. అల్లుడు 92 కిలోలున్నాడు, మొక్కు ఆయన పేరు మీదే ఉంది. ఆమె చేస్తున్న పని ఆపి నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"తల్లులకు ఇచ్చేకాడ కక్కుర్తి పడమంటవా నాయినా? పెరిగితె పెరిగిండు, ముందుగాల మొక్కు సెల్లిద్దాం. తగ్గుడు ఎనకసిరి సూసుకుంటడు. అల్లునికి ఇంకింత కూరెయ్యి బిడ్డా."