అరకు పెరిగిందట!

అభివృద్ధి, అభివృద్ధి అని ఒకటే గోల. డిసెంబరులో ఓ ఆదివారం అరకు రండి, చూపిస్తాం. ఘాట్ రోడ్డంతా కార్ల బారు. పొగమంచులో, సరిగ్గా మలుపు దగ్గరే బండి ఆపి సెల్ఫీలు! హారన్ కొడితే మనకే తిట్లు. మిరియాల మూట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ మాత్రం లోయ అంచున నిలబడాలి.

మన కాఫీకి 2017లో పారిస్‌లో కొట్టు పెట్టారు, 2019లో జీఐ (ఈ ప్రాంతం సరుకేనని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపొచ్చింది. సంతోషమే. మరి ఇక్కడ రోడ్డు పక్కన పోసేదేంటి? సాచెట్ చింపి కలిపిన పొడి కాఫీ!

కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ మీదకే మిరియం తీగ పాకించి రెండో పంట తీస్తాడు రైతు. ఒక్క పంటనే నమ్ముకోని ఆ తెలివి, చూసినచోటల్లా రిసార్టే కట్టేవాళ్లకు లేదా? వేసవిలో గదులు ఖాళీ అయితే మా కుర్రాళ్లకు పనేది?

బొంగులో చికెన్ తిని ప్లాస్టిక్ ప్లేట్లు వాగులోకి విసిరేస్తారు. సోమవారం ఏరేదెవరు, మేమేగా?