యజమాని సంతకం

మొన్న శనివారం జరిగింది. ఇవాళ మంగళవారం. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. అందుకని వరసలో చెప్పలేకపోతే సర్దుకోండి.

తెనాలిలో నాకో జిరాక్స్ కొట్టుంది. పేరుకే జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డులు అన్నీ అక్కడే. నెల కిందట వీధి చివరున్న హైస్కూలు నుంచి ఒకేషనల్ ట్రైనర్ వచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరికి పది రోజులు ఇంటర్న్‌షిప్ ఇవ్వాలిట. నాకు తీరిక లేదు బాబూ అన్నాను. అతను ఫైలు తెరిచి, "జాతీయ విద్యా విధానం 2020లో రాశారు చూడండి సార్. వృత్తి విద్య నేర్చుకున్న యువత దక్షిణ కొరియాలో 96 శాతం, జర్మనీలో 75 శాతం. మన దగ్గర 5 శాతం కూడా లేరు" అన్నాడు. ఆ 91 శాతం లోటూ నా పదడుగుల కొట్టే పూడ్చాలన్నట్టు చూశాడు. ఏకంగా దేశాన్ని తెచ్చి నా గుమ్మంలో నిలబెడితే కాదని ఎలా అంటాను? నిజం చెప్పాలంటే, పొద్దున్నే షట్టర్ ఎత్తడానికి మనుషులు దొరుకుతారని కూడా ఒప్పుకున్నాను.

సోమవారం ఇద్దరొచ్చారు. ఒక కళ్లజోడు పిల్ల, ఒక పొట్టి కుర్రాడు. ఇస్త్రీ బట్టలు, మెడలో తాళ్లకు వేలాడే కార్డులు. కార్డులు వాళ్లే అట్టముక్కలతో చేసుకున్నారు. పిల్ల కొట్టంతా కలయజూసి, "సార్, మా డెస్క్ ఏది?" అంది. ఉన్న బల్ల ఒక్కటి, దాని మీద నేను, నా టిఫిన్ డబ్బా. కుర్రాడు ఏసీ కోసం గోడలు వెతికి, చివరికి ఫ్యాను దగ్గర ఆగాడు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. లాగిన్ ఐడీ ఎప్పుడిస్తారు? శని, ఆదివారాలు సెలవేనా? వర్క్ ఫ్రం హోమ్ ఉందా? అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది కుర్రాడి ప్రశ్న: "సాయంత్రం క్యాబ్ ఎన్నింటికి సార్?" వాడి ఇల్లు నా కొట్టుకి నాలుగిళ్ల అవతల.

పిల్లల్ని అనడానికి లేదు. స్కూల్లో వాళ్ల వృత్తి విద్య సబ్జెక్టు పేరు ఐటీ. వాళ్ల బావలూ బాబాయిలూ హైదరాబాదులో చేసేదీ ఐటీయే. "ఇంటర్న్‌షిప్ ఐటీలో" అని ఇంట్లో చెప్పగానే కుర్రాడి నాయనమ్మ దిష్టి కూడా తీసిందట. తీరా చూస్తే, పక్కన కిళ్లీ కొట్టు, ఎదురుగా పిండిమర, మధ్యలో నేను.

పిల్ల వాళ్లమ్మగారికైతే అసలు అనుమానమే వేరు. రెండో రోజు కొంగు బిగించి వచ్చింది. పుస్తకంలో ఆ కోర్సు ఉద్యోగం పేరు 'డొమెస్టిక్ డేటా ఎంట్రీ ఆపరేటర్' అని ఉంది. "డొమెస్టిక్ అంటే ఇంటిపనే కదా అన్నయ్యా? మా పిల్ల చేత అంట్లు తోమిస్తారా?" అంది. అది దేశం లోపలి కంపెనీలకు చేసే పనమ్మా అని చెప్పాను. "దేశంలో అంట్లు లేవా?" అంది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఖాళీ టిఫిన్ డబ్బా కడగమని పిల్ల చేతికివ్వడం నా ఖర్మ.

మిగతా రోజులు బాగానే గడిచాయి. పిల్లలు చురుకైనవాళ్లు, రెండు రోజుల్లో బ్యాక్ టు బ్యాక్ జిరాక్స్ నాకన్నా తిన్నగా తీశారు. వచ్చి చూస్తానన్న ట్రైనర్ పది రోజుల్లో ఒక్కసారీ రాలేదు. పదో రోజు మాత్రం ఫోన్ చేసి, "పిల్లలు రోజుకో పేజీ రాసిన ఇంటర్న్‌షిప్ డైరీల్లో అన్ని పేజీలకూ సంతకం, ముద్ర తప్పనిసరి సార్, లేకపోతే పిల్లలకు మార్కులు రావు" అన్నాడు. చదవమని అనలేదు. అప్పుడు కొట్లో ఏదో అప్లికేషన్‌కి ఆఖరి తేదీ రద్దీ. ఇద్దరివీ కలిపి ఇరవై పేజీలు. టపటపా ఇరవై సంతకాలు గీకి, ఇరవై ముద్రలు కొట్టాను.

శనివారం స్కూల్లో సర్టిఫికెట్లిచ్చే సభ. షామియానా, మైకు, వేదిక మీద నాకో కుర్చీ, ఒక శాలువా. నా జీవితంలో మొదటి శాలువా. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తోంది. హెడ్‌మాస్టరు గారు 1937లో వార్ధాలో గాంధీగారి దగ్గర మొదలుపెట్టి, నయీ తాలీమ్ మీదుగా నా జిరాక్స్ మిషను దాకా వచ్చేసరికి అరగంట పట్టింది. "చేతిపనితోనే చదువు అన్నారు మహాత్ముడు. దానికి సాక్ష్యం ఈ డైరీ! ప్రతి పేజీకీ యజమాని సంతకం!" అంటూ కళ్లజోడు పిల్ల డైరీ పైకెత్తారు. జనం చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకున్నాను.

ఆయన అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. కళ్లద్దాలు ముక్కు చివరికి దించి చదవడం మొదలుపెట్టారు.

"మొదటి రోజు. పదింటికి వచ్చాం. సార్ పదీ యాభైకి వచ్చారు. నేర్చుకున్న నైపుణ్యం: ఓర్పు."

చిన్న నవ్వులు. నేనూ నవ్వాను, పెద్ద మనసున్నవాడిలా.

"మూడో రోజు. ఒక తాతయ్య ఆధార్ జిరాక్స్ అడిగారు. సార్ 'సర్వర్ డౌన్, గంటాగి రండి' అన్నారు. జిరాక్స్‌కి సర్వర్ ఎందుకని అడిగాను. సార్ ఇడ్లీ తింటున్నారు. నేర్చుకున్న నైపుణ్యం: కస్టమర్లతో మాట్లాడటం."

ఈసారి నవ్వు షామియానా చివరిదాకా వెళ్లింది. అక్కడే నిలబడ్డ ఆ తాతయ్యను నేను గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టాడు.

"ఐదో రోజు. పేపర్ జామ్ అయింది. సార్ మిషన్‌ని కుడివైపు రెండు దెబ్బలు కొట్టారు. కదల్లేదు. ఎడమవైపు ఒకటి కొట్టారు. కదిలింది. నేర్చుకున్న నైపుణ్యం: హార్డ్‌వేర్ రిపేరు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఐదో రోజు రాత్రి, పిల్లలు వెళ్లిపోయాక, హెడ్‌మాస్టరు గారు ఒంటరిగా మా కొట్టుకొచ్చారు. ఏదో ఫారానికి ఎనిమిది ఫొటోలు కావాలి. ఫొటో దిగి, గొంతు తగ్గించి, తన నెత్తి వైపు వేలు చూపించి, "పైన కాస్త చూడండి" అన్నారు. ఆయన పైన చూడ్డానికేమీ లేదు, అదే ఇబ్బంది. గుట్టుగా చేస్తానని మాటిచ్చాను. మర్నాడు పొద్దున ఆ పని పిల్లలకు అప్పగించాను. ఫొటోషాప్ వాళ్లకే బాగా వచ్చు.

వేదిక మీద కుర్చీలో నాకు ఇదంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆయన పేజీ తిప్పుతున్నారు. ఆ పేజీ తిరగడానికి పట్టిన సమయంలో నేను మనసులో మైకు తీగ పీకేశాను, కరెంటు తీసేశాను, కళ్లు తిరిగినట్టు కింద పడిపోయాను. బయట మాత్రం శాలువా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"ఆరో రోజు," అన్నారు ఆయన ఖంగుమని. "ఈరోజు మా హెచ్ఎం సార్ ఫొటోకి..." ఆయన ముఖం వెలిగింది. తన పేరొచ్చిందిగా! గొంతు ఇంకాస్త పెంచారు. "...ఫొటోకి మా పీఈటీ సార్ జుట్టు..."

ఆగారు. మైకు ఆగలేదు, ఆయన ఊపిరి ఊరంతా వినిపించింది. పీఈటీ సార్ వేదిక మీదే, నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయన చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి వెళ్లింది, ఉందో లేదో చూసుకోవడానికన్నట్టు. ఆయన ఫొటో అంతకుముందు వారమే తీశాను. ఒత్తయిన జుట్టు. కంప్యూటర్లో అదే చేతికందింది.

"సమయాభావం వల్ల..." అన్నారు హెడ్‌మాస్టరు గారు.

కళ్లజోడు పిల్లకు డైరీ మొత్తం నోటికొచ్చు. తమ హెచ్ఎం తడబడుతున్నారని సాయానికి లేచి, మైకు అక్కర్లేని గొంతుతో అందించింది: "జుట్టు పెట్టాం సార్! ముందు సరిపోలేదు. కంట్రోల్ టీ నొక్కి సాగదీశాం. నేర్చుకున్న నైపుణ్యం: ఇమేజ్ ఎడిటింగ్!"

తర్వాత జాతీయగీతం పాడేశారు. సర్టిఫికెట్లు ఎప్పుడిచ్చారో నాకు తెలీదు. ట్రైనర్ కనబడితే అడగాలనుకున్నాను, ఆ డైరీలో యజమాని సంతకానికి గడి పెట్టినవాళ్లు 'యజమాని చదివాడు' అనే గడి ఎందుకు పెట్టలేదని. అతను ఆ రోజు కూడా రాలేదు. ఎనిమిది ఫొటోల డబ్బులు ఇంకా రావాలి. ఎవర్నడగను? వీడియో మటుకు మా ఆవిడ వాళ్ల పుట్టింటి గ్రూపులో పెట్టేసింది.

ఇందాకే ఒకాయన రెండు జిరాక్సుల కోసం వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగి, చాలా మర్యాదగా, "సర్వర్ ఉందా అండీ?" అనడిగాడు. కిళ్లీ కొట్టువాడు తల అటు తిప్పుకున్నాడు. లేదని చెప్పి షట్టర్ సగం దించాను.