రంగులు తర్వాత, ముందు పేర్లు

ఈమధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో తాతల నాటి ఫొటోలకి ఏఐతో రంగులేసి పెట్టడం బాగా ఎక్కువైంది. చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ ఆ రంగులు కంప్యూటర్ ఊహించి వేసినవి, ఆ చీర అసలు రంగేమిటో దానికి తెలియదు. పైగా వెనక వరసలో ఎడమవైపు చివర నిలబడ్డ ఆవిడ ఎవరని అడిగితే ఆ ఇంటివాళ్లే చెప్పలేకపోతున్నారు, నా బాధంతా అదే.

మా ఇంట్లో గుంటూరు స్టూడియోలో తీయించుకున్న గ్రూపు ఫొటో ఒకటుంది. కుర్చీల్లో మగవాళ్లు, వాళ్ల వెనక నిలబడి ఆడవాళ్లు, కింద పిల్లలు, గోడకి స్తంభాలూ మెట్లూ గీసిన తెర. ఫొటో వెనక మగవాళ్ల పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా సిరాతో రాశారు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ‘వారి భార్య’, ‘రెండో కోడలు’ అని వదిలేశారు. ఆ రెండో కోడలి పేరు చివరికి ఆవిడ ఆడపడుచు చెప్పింది. ఆమె ముఖం వైపు చూడనేలేదు, మెడలో కాసులపేరు మీద వేలు పెట్టి “ఇది మా అమ్మది, చిన్నొదినకి పెట్టింది” అంది. ఇలాంటి ఆనవాలు ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది?

కాలం తేల్చడానికి ఫొటోలోనే కొంత దొరుకుతుంది. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కనిపిస్తే 1957కి అటూఇటూ లేదా ఆ తర్వాతది. వెనక స్టూడియో ముద్రలో పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు దాటాక వేసిన ముద్ర, అయితే అది ఆ కాపీ వయసే, అసలు ఫొటో ఇంకా పాతది కావచ్చు. కృష్ణా పుష్కరాల్లో దిగిందంటే 1980, 1992 ఇలా పన్నెండేళ్ల తేడాతో వెతుక్కోవచ్చు. ఫొటోలో ఆడవాళ్లందరికీ పైట కుడి భుజం మీద ఉంటే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారేమో చూడండి, లేకపోతే కుడి ఎడమలు లెక్కపెట్టి రాసుకున్న పేర్లన్నీ తారుమారవుతాయి.

కానీ ఇవన్నీ చెప్పేది కాలమే, మనిషిని కాదు. మనిషి పేరు విజయవాడలోనో గుంటూరులోనో ఉన్న ఎనభై దాటిన పెద్దమ్మకే తెలుసు. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు ఫొటో పెద్దది చేయించి పట్టుకెళ్లి పక్కన కూర్చోండి, అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. “ఈయన మా తాతగారే కదా?” అని మాత్రం అడక్కండి, పాపం మన మాట కాదనలేక అవునంటారు. “ఇక్కడెవరెవరున్నారు?” అని వదిలేయండి. ఇంకొకరిని విడిగా అడిగి సరిచూసుకోండి. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు తప్పకుండా అడగండి. వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ ఒత్తిడి ముందు వైపుకి తేలుతుంది. ‘పిన్ని’ అని రాస్తే మీ మనవలకి ఎవరి పిన్నో తెలియదు, పేరు రాయండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా బంధువుల బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లు నీళ్లలో నానిపోయాయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుని మళ్లీ విడదీయలేకపోయారు. అందుకే వెళ్లినప్పుడే స్కాన్ కూడా చేయించుకోవాలి, వెనక రాతతో సహా.

మన సంఘం పత్రికకి నా విన్నపం ఒకటే. ప్రతి సంచికలో ఒక పేజీ ఇలాంటి పేరు తెలియని ఫొటోకి ఇవ్వండి, ఇంటివాళ్ల అనుమతి తీసుకునే వేయండి. ఎవరు గుర్తుపట్టారో, దేన్ని బట్టి గుర్తుపట్టారో తర్వాతి సంచికలో అచ్చు వేయండి. మొదటి పేజీకి మా గ్రూపు ఫొటో నేనిస్తాను, అందులో ఇంకా ఇద్దరు ఆడవాళ్ల పేర్లు దొరకాల్సి ఉంది.