రికార్డర్ నెత్తి మీది జంట మైకులకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎడమ, కుడి మైకుల వారి సముఖానికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గానీ, మొన్నటి కచేరి రికార్డింగును హెడ్‌ఫోన్లు తగిలించుకుని మూడు గంటల సేపు విన్న తరువాత నా కుశలం గురించి విడిగా విన్నవించుకోవలసి వస్తున్నది.

మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్న రోజున మీ భంగిమ చూసే సగం ముచ్చటపడ్డాను. వినాయకుడి ముందు గుంజీళ్ళు తీసే భక్తుడి చేతుల్లా ఒకరినొకరు అడ్డంగా దాటుకుని, 90 డిగ్రీల కోణంలో, కుడిపక్క నిలిచినవారు ఎడమకూ ఎడమపక్క నిలిచినవారు కుడికీ చూస్తూ ఉంటారు. ఇద్దరూ దాదాపు ఒకే చోట ఉండటం వల్ల ఏ శబ్దమైనా మీ ఇద్దరినీ ఒకేసారి చేరుతుందనీ, అది ఎవరికి గట్టిగా వినిపించిందో ఆ తేడా మీదనే కుడి ఎడమలు ఏర్పడతాయనీ చదువుకుని, ఇక మన ఇంట్లో వయొలిన్ ఒక పక్కా మృదంగం ఒక పక్కా కూర్చుని వాయిస్తాయని ఆశపడ్డాను. తీరా చూస్తే ఆ రెండూ సభవారి మిక్సరు గుండా ప్రయాణించి, గోడలకు వేలాడే స్పీకర్లన్నిటిలోంచీ ఒకే గొంతుగా వచ్చి, మధ్యలో ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మీ స్టీరియో విద్వత్తంతా ఎడమపక్క ఫ్యానుకూ కుడిపక్క దగ్గుకూ ఖర్చయిపోయింది. ఆ దగ్గు మూడో వరసలోదో నాలుగో వరసలోదో కళ్ళు మూసుకుని చెప్పగలను.

మీకు పక్షపాతం లేదన్నదే నా అసలు ఫిర్యాదు. మనిషి చెవి ఎంత పక్షపాతి అంటే, తోడి రాగం ఆలాపనలో గాంధార స్వరం కంపిస్తూ ఉండగా వెనక వరసలో ఎవరో ప్లాస్టిక్ కవరు విప్పి వేరుశనగపప్పు నములుతున్నా ఆ సంగతి మనసు దాకా రానివ్వదు. మీరు అలా కాదు. విద్వాంసురాలి గమకానికీ వేరుశనగపప్పుకూ సమాన గౌరవం ఇచ్చి, రెండింటినీ 24 బిట్ల నాణ్యతతో భద్రపరిచారు. మొత్తం రికార్డింగులో అతి స్పష్టంగా వచ్చింది ఏదని అడిగితే, కచేరి మధ్యలో మృదంగాన్నీ తంబూరానూ ఆపించి, దుశ్శాలువ కప్పుతూ కార్యదర్శిగారు చేసిన ప్రసంగం అని సవినయంగా మనవి చేస్తున్నాను.

రికార్డింగు స్థాయిని దానంతట అదే పెంచి తగ్గించే ఆటో లెవెల్ మీట నేనే నొక్కాను, ఒప్పుకుంటాను. అయితే ఆ మీట మీ చేత చేయించిన ఊడిగం అంతా ఇంతా కాదు. ఆలాపన మంద్రస్థాయికి దిగేసరికి, పాపం ఏమీ వినబడటం లేదని కంగారుపడి మీ స్థాయి పెంచింది. దానితో ఏసీ యంత్రం హోరు వేదిక ఎక్కి కూర్చుంది. తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం మీద మొదటి దెబ్బ పడగానే బెదిరిపోయి ఒక్కసారిగా తగ్గించేసింది. ఘటం ఊరవతలికి వెళ్ళిపోయింది. అత్యంత బలమైన దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర, అంటే మీటరు పై హద్దుకు అంత కిందనే, ఆగేలా ముందే చేత్తో సరిచేసి వదిలేయాలని తెలిసినవారు చెబుతారు. తెలిసినవారు చెప్పినది వినే అలవాటు ఉంటే ఈ లేఖ రాసే అవసరమే ఉండేది కాదు.

కచేరి పొడవునా పిడుగుల్లాంటి దెబ్బలు వినబడితే మొదట సభవారి స్పీకర్లను అనుమానించాను. లెక్కపెడితే ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, సరిగ్గా మూడు వచ్చాయి. ఆదితాళంలోని భాగాల్లో లఘువుకు ఒక దెబ్బ, రెండు ద్రుతాలకు చెరొక దెబ్బ. మిమ్మల్ని నా కుడితొడ మీద నిలబెట్టుకుని, అదే తొడ మీద తాళం వేశాను.

అంతకంటే సిగ్గుపడే విషయం ఒకటి ఉన్నది. ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా మార్చి పాడే నెరవు సాగుతున్నంత సేపూ ఎవరో ఒక పెద్దమనిషి, శ్రుతికి ఒక పిసరు కిందగా, విద్వాంసురాలి కంటే అర అక్షరం ముందుగా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. ఎవడీ అప్రస్తుత ప్రసంగి అని పళ్ళు కొరుక్కుంటూ వింటూ ఉంటే, అప్పటికప్పుడు స్వరాలు కూర్చి పాడే స్వరకల్పన మొదటి ముగింపు దగ్గర ఆయన "భేష్" అన్నాడు. ఆ గొంతు నాది. మీకు వేదిక 16 మీటర్ల దూరంలో ఉన్నది, నా నోరు అర మీటరులో ఉన్నది. దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుందని శాస్త్రం చెబుతున్నది గనుక, అయిదు రెట్టింపులకు 30 డెసిబెల్స్ మేలు నాకు పుట్టుకతోనే దక్కినట్టయింది. స్పీకర్లు విద్వాంసురాలిని ఎంత ఆదుకున్నా పోటీలో నేనే గెలిచాను.

అనుమతి లేకుండా ఈ పని చేయలేదు. సొంతంగా వినడానికి చేసుకునే రికార్డింగును ప్రదర్శకుల హక్కుకు భంగంగా 1957 కాపీరైటు చట్టంలోని 39వ సెక్షను లెక్కించదు. అయినా మర్యాద కోసం ముందే వెళ్ళి విద్వాంసురాలిని అడిగాను. ఎవరికీ పంపకూడదన్న షరతు మీద ఆవిడ నవ్వుతూ ఒప్పుకున్నారు. ఆ షరతును అక్షరాలా పాటిస్తున్నాను. ఆవిడ ఒక్కరే పాడి ఉంటే నాకు ఇంత నిగ్రహం ఉండేదా అన్నది వేరే సంగతి.

రెండు గిగాబైట్లు నిండగానే, అంటే సుమారు రెండు గంటలకు, ఫైలు తెంపి కొత్తది మొదలుపెట్టినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అది మీ కిందనున్న పెట్టె నియమం. 90 నిమిషాల క్యాసెట్టును 45 నిమిషాలకొకసారి తిరగేస్తూ, ఆ సందులో పల్లవి ఎత్తుగడ పోగొట్టుకున్న తరంవాడిని నేను.

రేపు సాయంత్రం మళ్ళీ కచేరి ఉన్నది. మూడో వరసలో, నడవ పక్క కుర్చీ పట్టుకుంటాను. మీకు చిన్న ముక్కాలి స్టాండు కొన్నాను, స్పాంజి టోపీ తొడుగుతాను, ఆటో లెవెల్ జోలికి వెళ్ళను. తాళం రెండో తొడ మీద, అదీ వేళ్ళతో మాత్రమే వేస్తాను. నెరవు మొదలయ్యే వేళకు నోట్లో వేసుకోవడానికి పటికబెల్లం పొట్లం సిద్ధం చేసుకున్నాను. కాగితం మాత్రం ఇంటి దగ్గరే విప్పేస్తాను.

ఇట్లు,
మీకు అర మీటరు వెనుక కూర్చునే విధేయుడు